రెండు స్విచ్‌లు, ఒకే తాళంచెవి

మార్చి 3, సోమవారం

హ్యాండిల్ కిందికి లాగాను. అది మాత్రం ఖాయం. లాగాను.

ఆస్పత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. ఇది పంపుహౌసులో వాడకుండా మిగిలిపోయిన లాగ్‌బుక్కు. వోల్టేజీ ఎంత, మోటారు ఎన్ని ఆంపియర్లు లాగుతోంది అని గంట గంటకీ రాయాల్సిన గళ్ళలో ఇవాళ ఇది రాస్తున్నాను. రేపో ఎల్లుండో విచారణకు ఎవరో ఒకరు వస్తారు. అప్పుడు తడబడకుండా చెప్పాలంటే ఇప్పుడే వరసగా రాసిపెట్టుకోవాలి.

పొద్దున పది గంటలకు లైను ఆపారు. మా పంపుహౌసు ఎదుటి స్తంభం మీంచి మాకు దిగే కేబులు చివర కాలిపోయింది. దాన్ని మార్చడానికి మా అల్లుడే వచ్చాడు. ఈ చుట్టుపక్కల లైన్లన్నీ చూసే లైన్‌మన్ అతనే. వెంట ఎప్పుడూ ఉండే జోడీ లైన్‌మన్ కూడా ఉన్నాడు. స్తంభం దగ్గరి ఫ్యూజులు మూడూ పీకి సంచిలో వేసుకుని, నిచ్చెన ఎక్కేముందు అల్లుడు మా తలుపు దగ్గరకొచ్చి తల లోపలికి పెట్టాడు.

"పైన ట్యాంకులో నీళ్ళెన్ని ఉన్నాయి అత్తయ్యా?"

"మోకాలి లోతు కూడా లేవు. కొండమీద ఆస్పత్రివాళ్ళు రెండుసార్లు ఫోన్ చేశారు. ఆపరేషన్ గదిలో ధార సన్నబడిందట."

"నాకు గంట పైనే పడుతుంది. మీరు జనరేటర్ వేసేసుకోండి. లైను వైపు స్విచ్ దించుకోవడం మర్చిపోకండి."

"నువ్వు బడికెళ్ళేనాటి నుంచి ఈ హ్యాండిల్ లాగుతున్నాను. పో నాయనా."

నవ్వుకుంటూ వెళ్ళి ఎక్కాడు.

గోడమీద రెండు ఇనుప పెట్టెలున్నాయి. ఎడమ పెట్టెలో స్విచ్ లైనుది, కుడి పెట్టెలోది జనరేటర్‌ది. రెండింటి తీగలూ కింద కలిసి ఒక్క మోటారుకే వెళ్తాయి. ఎడమది ఎక్కి ఉంటే కుడిది దిగి ఉండాలి. కుడిది ఎక్కాలంటే ఎడమది దిగాలి. రెండూ ఎక్కి ఉంటే జనరేటర్ కరెంటు మోటారుతో ఆగదు, వెనక్కి తిరిగి కేబులు పట్టుకుని స్తంభం ఎక్కుతుంది. అలా ఎక్కకుండా చూసేది నేను. మా ఆయన పోయాక ఆ ఉద్యోగం నాకిచ్చారు. పంతొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను.

ఎడమ హ్యాండిల్ కిందికి లాగాను. జనరేటర్ స్టార్ట్ చేశాను. కుడి హ్యాండిల్ పైకి వేశాను. మోటారు ఎత్తుకుంది. ఆ మోతలో ఇంకేమీ వినపడదు. పన్నెండు నిమిషాలకు జోడీ వచ్చి తలుపు బాదాడు. మనిషి మొహంలో చుక్క రక్తం లేదు.

అల్లుడు నేలమీద ఉన్నాడు. కేబులు చివర తాకగానే పన్నెండు అడుగుల నుంచి పడ్డాడట. గుండె ఆగిపోయింది. జోడీ మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ ఛాతీ మీద పెట్టి నొక్కాడు. అంబులెన్సు వచ్చేదాకా నొక్కుతూనే ఉన్నాడు. వచ్చినవాళ్ళు అట్టల్లాంటివి రెండు ఛాతీకి అతికించి, అందర్నీ దూరంగా జరగమని, షాకిచ్చారు. ఒళ్ళంతా ఎగిరిపడింది. రెండోసారి ఇచ్చాక వాళ్ళ పెట్టెలో గీత కదిలింది.

కరెంటు ఆపిన గుండెని కరెంటే కదిలించింది. నా కళ్ళతో చూశాను. పంతొమ్మిదేళ్ళు దాని పక్కనే కూర్చుని కూడా అదేమిటో నాకు తెలియదని అప్పుడు అర్థమైంది.

హ్యాండిల్ మాత్రం లాగాను.

మార్చి 4, మంగళవారం

కళ్ళు తెరిచాడు. మా అమ్మాయిని గుర్తుపట్టాడు. నన్ను చూసి, "ట్యాంకు నిండిందా అత్తయ్యా?" అన్నాడు. బయటికొచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాను. 

మార్చి 5, బుధవారం

ఎడమ భుజం దగ్గర కాలర్ ఎముక విరిగింది. కుడిచేయి మణికట్టు మీద, వేళ్ళ వెనక కాలింది. రెండు వేళ్ళకి స్పర్శ లేదు. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, ఏడాది చూడాలి అన్నారు. బతకడమే గొప్ప అని కూడా అన్నారు.

అది గొప్పే. జోడీ చెప్పాడు: కొత్త తీగ ఏదైనా సరే అల్లుడు ముందు వేళ్ళ వెనక వైపుతోనే ముట్టుకుంటాడట. అరచేత్తో పట్టుకుంటే వేళ్ళు బిగుసుకుపోయి తీగని వదలవు. వెనక నుంచి తాకితే అదే బిగుసుకోవడం చేతిని వెనక్కి లాగేస్తుంది. రెండు అంగుళాల తేడా. ఆ రెండు అంగుళాల్లో మా అమ్మాయి బతుకంతా ఉంది.

గుండె డాక్టరు అమ్మాయికి పొడుగాటి కాగితం చూపించి చెబుతుంటే నేనూ పక్కన నిలబడి విన్నాను. "దీనికి బయటి నుంచి ఎవరూ కరెంటు ఇవ్వక్కర్లేదమ్మా. తనది తనే పుట్టించుకుంటుంది. బయటిది లోపలికి దూరితేనే లయ తప్పుతుంది." ఆ గీతల్ని కళ్ళప్పగించి చూశాను. నా మోటారు అరవై గుర్రాలది. ఎవరూ కరెంటు ఇవ్వకపోతే ఉన్నచోట అంగుళం తిరగదు. పిడికిలంత గుండె, ముప్ఫై రెండేళ్ళుగా, హ్యాండిల్ లేదు, ఆపరేటర్ లేదు, నడుస్తోంది.

సాయంత్రం అమ్మాయి నా భుజం మీద తలపెట్టి, "నువ్వు పక్కనున్నావు కాబట్టి నిలబడ్డానమ్మా" అంది. తల నిమిరాను. 

మార్చి 6, గురువారం

మా పంపుహౌసులన్నీ చూసే ఇంజనీరు మేడమ్ చుట్ల బాబాయిని పంపించింది, స్విచ్‌లు విప్పి చూడమని. మా మోటారు మూడుసార్లు కాలిపోతే మూడుసార్లూ దానికి కొత్తగా రాగితీగ చుట్టింది ఆయనే. తీగనే కాదు, మాటని కూడా నాలుగు చుట్లు తిప్పితే గాని చెప్పడు. అందుకే ఆ పేరు. డెబ్భై దాటినా చెయ్యి వణకదు.

ఇవాళ మాత్రం ఒక్క చుట్టూ తిప్పలేదు. ఎడమ పెట్టె మూత విప్పి, పక్కకి జరిగి, "చూడమ్మాయ్" అన్నాడు.

హ్యాండిల్ కింద ఉంది. లోపల మూడు రాగి బ్లేడ్లూ పైన ఉన్నాయి, దవడల్లో బిగించుకుని కూర్చున్నట్టు.

హ్యాండిల్‌నీ లోపలి కడ్డీనీ కలిపే పిన్ను ఒకటుంటుంది. చిటికెన వేలంత లావు. అది తెగింది. బయట హ్యాండిల్ నేను చెప్పినట్టు దిగింది. లోపల ఏదీ కదల్లేదు. కరెంటు నేరుగా స్తంభం ఎక్కింది.

బాబాయి పిన్ను ముక్కలు రెండూ అరచేతిలో పెట్టి వెలుగులోకి తిప్పాడు. ఒక సగం తుప్పు రంగు, ఒక సగం వెండిలా మెరుస్తోంది.

"ఇది ఒక్కనాడు తెగింది కాదు. ఏళ్ళ తరబడి చీరుకుంటూ వచ్చి, ఏదో ఒకరోజు ఊడిపోయింది. ఈమధ్య హ్యాండిల్ తేలిగ్గా వస్తోందా అమ్మాయ్?"

"లేదు బాబాయ్" అన్నాను.

ఆయన ముక్కల్ని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

మార్చి 7, శుక్రవారం

హ్యాండిల్ ఎప్పటిలాగే ఉండేది. ఎప్పటిలాగే.

మార్చి 8, శనివారం

ఇంజనీరు మేడమ్ వచ్చింది. మా అమ్మాయి కన్నా ఏడాదో రెండేళ్ళో పెద్దదై ఉంటుంది. నా స్టూలు మీద తను కూర్చుని, నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది.

"మూత తీసి బ్లేడ్లు విడిపోయాయో లేదో చూశారా?"

"ఆస్పత్రి నుంచి ఫోన్లు వస్తున్నాయి మేడమ్. ఆ తొందరలో..."

రాసుకుంది.

"అంతకుముందు హ్యాండిల్‌లో ఏమైనా తేడా అనిపించిందా?"

"లేదు మేడమ్."

అదీ రాసుకుంది. కలం మూసి, గొంతు తగ్గించి చెప్పింది. "మీరు మరీ కుంగిపోకండి. మీ అల్లుడుగారు నిన్న వాంగ్మూలం ఇచ్చారు. తీగని గొలుసుతో నేలకి కలిపి ఎర్త్ చెయ్యకుండా, గ్లౌజులు లేకుండా తాకాను, తప్పంతా నాదే అని రాయించి వేలిముద్ర వేశారు."

వేలిముద్ర. సంతకం పెట్టే వేళ్ళకి కట్టు ఉంది కదా.

ఇది రాయకుండా ఉండలేను: ఆ మాట విన్నాక ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది.

మార్చి 9, ఆదివారం

ఆస్పత్రికి వెళ్ళలేదు. తలనొప్పని అమ్మాయికి ఫోన్లో చెప్పాను. తలనొప్పి లేదు.

మార్చి 10, సోమవారం

ఈ పుస్తకం ఎవరూ చదవరు. ఇక్కడ కూడా అబద్ధమే రాస్తే ఇక నిజం రాయడానికి నాకు చోటెక్కడుంది?

ఫిబ్రవరి పంతొమ్మిదిన హ్యాండిల్ తేలికైంది.

ఆ హ్యాండిల్ లాగాలంటే రెండు చేతులూ వేసి, ఒంటి బరువంతా దానికి వేలాడదీయాలి. నా కుడి భుజం నొప్పి దాని వల్లనే. రోజూ సాయంత్రం మోటారు ఆపాక అలా వేలాడి దించుతాను. పంతొమ్మిదో తారీఖున రెండు వేళ్ళతో వచ్చేసింది. ఎవరో గ్రీజు పెట్టారనుకున్నాను. ఎవరు పెడతారు? ఆ గదిలోకి నేను కాక ఎవరొస్తారు? ఆ ప్రశ్న నాకు అప్పుడే వచ్చింది. వచ్చినదాన్ని వచ్చినట్టే పంపించేశాను. పోన్లే, ఇన్నాళ్ళకి భుజానికి సుఖం దొరికింది అనుకున్నాను.

మోటారుని ఆపేది పక్కనున్న స్టార్టరు. కాబట్టి ఈ పెట్టెలో బ్లేడ్లు దిగినా దిగకపోయినా మోటారు ఆగుతూనే ఉంది. ఆ పన్నెండు రోజుల్లో జనరేటర్ అవసరం పడలేదు. అందుకే ఏమీ జరగలేదు. అవసరం పడ్డ మొదటిరోజే ఎదుటి స్తంభం మీద అతనున్నాడు.

ఇక మూత సంగతి. హ్యాండిల్ దించాక మూత తీసి, బ్లేడ్లు విడివిడిగా ఉన్నాయని కంటితో చూసి, ఆ తర్వాతే జనరేటర్ ఎక్కించాలి. చేరిన మొదటిరోజు నాకు నేర్పిన మొదటి పని అది. ఆరేళ్ళ కిందట మూత మరలు అరిగిపోయి తిరగడం మానేశాయి. బాగుచేయించమని ఒకసారి చెప్పాను. రెండోసారి చెప్పలేదు. మూత తీయడమే మానేశాను.

తొందర వల్ల కాదు. ఫోన్ల వల్ల కాదు. ఆరేళ్ళు.

మార్చి 11, మంగళవారం

వెళ్ళేటప్పటికి అమ్మాయి మందులకని కిందికి వెళ్ళింది. అల్లుడు మంచం తల ఎత్తించుకుని కిటికీలోంచి చూస్తున్నాడు. అక్కణ్ణించి కొండ కింద లైన్లన్నీ కనిపిస్తాయి.

"అలా ఎందుకు రాయించావు నాయనా?"

"ఎలా?"

"తప్పంతా నీదేనని."

"నాదేగా అత్తయ్యా. తీగకి ఎర్త్ గొలుసు తగిలించలేదు. గ్లౌజులు సంచిలోనే ఉన్నాయి. పైగా మీకింకా రెండేళ్ళ సర్వీసు ఉంది. ఈ చివర్లో మీకెందుకు ఈ మరక?"

"హ్యాండిల్ తేలికైందని నాకు ముందే తెలుసు."

కిటికీ వైపు నుంచి తల తిప్పాడు. నేను ఆగితే మళ్ళీ చెప్పలేనని, పంతొమ్మిదో తారీఖు దగ్గర్నుంచి మూత మరల దాకా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. చెబుతున్నంతసేపూ అతని కట్టు వైపే చూశాను, మొహం వైపు చూడలేకపోయాను.

అతను మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు. చివరికి, "గొలుసు ఎందుకు తగిలించలేదో తెలుసా?" అన్నాడు. "లోపలున్నది మీరు కాబట్టి. ఇంకో పంపుహౌసయితే తగిలించేవాణ్ణి. అత్తయ్య ఉంది కదా, ఆవిడ చూసుకుంటుందనుకున్నా."

తిట్టినా బాగుండేది.

వెనక చప్పుడైంది. అమ్మాయి గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో మందుల సంచితో. ఎప్పటి నుంచి ఉందో తెలియదు. మొహం చూస్తే మొదటి నుంచీ అనిపించింది.

"అమ్మా," అంది, గొంతు పెంచకుండా. "ఇన్ని రోజులు నా పక్కన కూర్చున్నావు. నా తల నిమిరావు."

"తల్లీ..."

"ఇప్పుడు వెళ్ళు. నేనేమైనా అనకముందే వెళ్ళు."

వచ్చేశాను. మెట్లు దిగుతుంటే ఎన్నో మెట్టు మీద ఉన్నానో తెలియలేదు.

మార్చి 12, బుధవారం

ఇంజనీరు ఆఫీసుకి వెళ్ళి కొత్త వాంగ్మూలం రాసిచ్చాను. మూడు పేజీలు. మేడమ్ మొత్తం చదివి, మొదటి పేజీకి తిప్పి మళ్ళీ చదివింది.

"ఇది ఇస్తే మీకేమవుతుందో తెలుసు కదా?"

"తెలుసు మేడమ్."

"మీ అల్లుడు ఇచ్చింది ఏం చెయ్యమంటారు?"

"అతను రాయించింది కూడా నిజమే. అది సగం. ఇది ఇంకో సగం."

రెండు కాగితాల్నీ పక్కపక్కన పెట్టి చూసింది. తర్వాత తలెత్తి, "ఇద్దరు జాగ్రత్త గల మనుషులు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు భారం వేసుకున్నారు. నాకు భయమేస్తోంది ఆంటీ" అంది. ఆంటీ అని ఎందుకందో, వెంటనే మళ్ళీ ఇంజనీరు అయిపోయి ఫైలు తెరిచింది.

మార్చి 17, సోమవారం

అల్లుణ్ణి ఇంటికి పంపించారు. నాకు జోడీ చెబితే తెలిసింది. రెండు వీధుల అవతలే ఇల్లు. వెళ్ళడానికి మొహం చెల్లలేదు.

మార్చి 21, శుక్రవారం

సస్పెన్షన్ కాగితం వచ్చింది. మూడు నెలలు. నా చోట వేరే ఊరి నుంచి ఒక ఆపరేటర్ని వేశారు. తాళాలు అప్పగించి వస్తుంటే మోటారు నడుస్తోంది. ఆ చప్పుడు వీధి మలుపు దాకా వినపడింది. అంత దూరం వినపడుతుందని నాకు తెలియదు. అది నడుస్తుంటే నేనెప్పుడూ లోపలే ఉంటాను.

మార్చి 24, సోమవారం

చుట్ల బాబాయి కబురు పెట్టాడు. షాపుకి వెళితే బల్ల ఖాళీ చేసి దానిమీద సుద్దముక్కతో రెండు పెట్టెలు గీసి ఉంచాడు.

"మొన్నటిదాకా ఈ రెంటి మధ్యా ఏముంది?" అన్నాడు.

"నేనున్నాను."

"అదీ తప్పు. మనిషిని పెట్టే చోటు కాదది. మనిషికి నిద్రొస్తుంది, జ్వరమొస్తుంది, కూతురి పెళ్ళొస్తుంది, ఇంట్లో గొడవవుతుంది, పాలవాడు రాలేదని మనసు పాడవుతుంది..."

"బాబాయ్, చుట్లు."

"సరే సరే." జేబులోంచి ఒక తాళంచెవి తీసి మధ్యలో పెట్టాడు. ఇత్తడిది, బొటనవేలంత పొడుగు. "ఒకటే తాళంచెవి. రెండు పెట్టెలకీ ఒకటే. ఎడమ పెట్టె ఎక్కి ఉన్నంతసేపూ ఇది అందులో ఇరుక్కుని ఉంటుంది, ఊడదు. లోపల బ్లేడ్లు పూర్తిగా పక్కకి వస్తేనే ఊడి చేతికొస్తుంది. హ్యాండిల్ దిగితే కాదమ్మాయ్, విను, బ్లేడ్లు దిగితే. తాళాన్ని హ్యాండిల్‌కి పెట్టలేదు, లోపలి కడ్డీకే పెట్టాను. ఈ తాళంచెవి తెచ్చి కుడి పెట్టెలో పెట్టి తిప్పితే తప్ప అది ఎక్కదు. ఎక్కాక ఇక్కడ ఇరుక్కుంటుంది. మళ్ళీ ఎడమది ఎక్కాలన్నా ఇదే కావాలి."

నేను సుద్దగీతల మీద తాళంచెవిని ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి జరిపి చూశాను. ఎటు తిప్పినా, ఎంత మోసం చేద్దామన్నా, రెండూ ఒకేసారి ఎక్కే దారి లేదు. ఒక్క వస్తువు రెండు చోట్ల ఉండలేదు. అంతే. దానికి చదువు అక్కర్లేదు, గుర్తుంచుకోవడం అక్కర్లేదు, మంచితనం కూడా అక్కర్లేదు. పంతొమ్మిదేళ్ళు నేను చేశాననుకున్న పనిని ఈ పిసరంత ఇత్తడి చేస్తుంది, నాకన్నా నిజాయితీగా. 

"ఇంత తేలికా బాబాయ్?"

"తేలికే. నాకు నలభయ్యేళ్ళుగా తెలుసు కూడా. ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు." ఆ మాట చాలా మెల్లగా అన్నాడు. నేనొక్కదాన్నే తల దించుకు తిరుగుతున్నాననుకున్నాను ఇన్నాళ్ళూ.

అప్పుడు గుమ్మం దగ్గర, "మూడో చోటు ఒకటి మర్చిపోయారు బాబాయ్" అని వినిపించింది. అల్లుడు. ఎడమ చెయ్యి మెడకి వేలాడుతోంది, కుడిచేతికి కట్టు. బాబాయి అతనికీ కబురు పెట్టాడన్నమాట.

"ఏ చోటు?"

"లైన్‌మన్ జేబు. తాళంచెవి ఊడదీసి, జేబులో వేసుకుని స్తంభం ఎక్కుతాడు. అది వాడి దగ్గరున్నంతసేపూ లైనూ పడదు, జనరేటరూ పడదు. దిగొచ్చి ఇస్తేనే ఏదైనా."

"ఆ గంటసేపు మోటారు ఉండదు మరి," అన్నాను. "ఆస్పత్రికి నీళ్ళు?"

"ముందురోజే ట్యాంకు నింపుకోమని చెబుదాం. లేదంటే లారీతో పంపుతారు. ఒక గంట నీళ్ళు లేకపోతే లేకపోనీండి అత్తయ్యా."

అత్తయ్యా అన్నాడు. నేను తాళంచెవి కోసం వంగినట్టు నటించి మొహం దాచుకున్నాను.

మార్చి 30, ఆదివారం

అమ్మాయి గుమ్మం దాకా వచ్చి, నా కళ్ళజోడు వాళ్ళింట్లో ఉండిపోయిందని ఇచ్చి వెళ్ళింది. కూర్చోమంటే పనుందంది. కళ్ళజోడు తుడిచి ఉంది.

ఏప్రిల్ 7, సోమవారం

ఇంజనీరు మేడమ్ ఇరవై ఒక్క పంపుహౌసుల ఆపరేటర్లని ఆఫీసు హాల్లోకి పిలిచి, జరిగింది చెప్పమని నన్ను నిలబెట్టింది. శిక్షేమో అనుకున్నాను. సగందాకా వచ్చేసరికి కాదని తెలిసింది. హ్యాండిల్ తేలికైతే సంతోషించానని చెప్పినప్పుడు ఎవరూ నవ్వలేదు. మూత ఆరేళ్ళు తీయలేదని చెప్పినప్పుడు హాలంతా చూపులు నేలకి దించుకుంది. ఒక్కరూ ఇద్దరూ కాదు.

అయిపోయాక వెనక వరసలోంచి ఒకాయన లేచి, "మా దగ్గర కుడి హ్యాండిల్ తేలికైంది మేడమ్, నెలయింది" అన్నాడు. చాలా చిన్న గొంతుతో చెప్పాడు. మేడమ్ అప్పటికప్పుడే జీపు పంపించింది. ఆ పెట్టె విప్పితే అక్కడా పిన్ను తెగిపోయే ఉందట.

ఇరవై ఒక్కచోట్లా బాబాయి తాళాలే పెడతారు. ఆయన ఇద్దరు మనుషుల్ని పనిలోకి తీసుకున్నాడు, ఇప్పటి నుంచే వాళ్ళకి చుట్లు తిప్పి చెబుతున్నాడు.

ఏప్రిల్ 19, శనివారం

ఇవాళ మా పంపుహౌసులో కొత్త తాళం మొదలు. పనిలో పనిగా కొండ ఎక్కే పైపు మొత్తం ఖాళీ చేసి వాల్వు కూడా మార్చారు. సస్పెన్షన్లో ఉన్నదాన్ని, లోపలికి వెళ్ళకూడదు. గేటు బయట నిలబడ్డాను.

అమ్మాయి వచ్చింది. వెనక అల్లుడు. మెడకి వేలాడేసిన కట్టు తీసేశారు. వేళ్ళు రెండూ ఇంకా చెప్పిన మాట వినడం లేదు. స్తంభాలు ఎక్కొద్దన్నారు, మీటర్లు పరీక్షించే గదిలో కూర్చోబెట్టారు. అక్కడ పగలంతా ఫ్యాన్ కింద ఉద్యోగమని అందరితో అంటాడు గాని, నడుస్తూ నడుస్తూ తీగల వైపు తలెత్తి చూడడం మానలేదు.

అమ్మాయి నేరుగా లోపలికి వెళ్ళింది. గేటు దగ్గర్నుంచి నాకంతా కనిపిస్తోంది. కొత్త ఆపరేటర్ని అడిగి ఎడమ పెట్టె ఎక్కి ఉండగా తాళంచెవి లాగింది. రాలేదు. రెండు చేతులతో, పాదం గోడకి తన్ని పెట్టి లాగింది. రాలేదు. హ్యాండిల్ దించారు. కొత్తగా పెట్టిన గాజుపలకలోంచి లోపలికి చాలాసేపు చూసింది. అప్పుడు తాళంచెవి ఊడింది. దాన్ని పట్టుకుని బయటికొచ్చి నా ముందు నిలబడింది.

"ఇది నా చేతిలో ఉండగా ఎవరూ ఏమీ చెయ్యలేరు కదా?"

"చెయ్యలేరు."

"నువ్వు కూడా?"

"నేను కూడా తల్లీ."

పిడికిలి బిగించి, తెరిచి, మళ్ళీ బిగించింది. నలభై ఏడు రోజులుగా ఆ పిల్ల బిగబట్టుకున్న ఊపిరి అప్పుడు బయటికొచ్చింది. లోపలికి వెళ్ళి తాళంచెవి ఇచ్చేసి వచ్చి, "పైకి వెళ్దాం పద" అంది.

"ఎక్కడికి?"

"ట్యాంకు దగ్గరికి. ఆయన చూడాలంటున్నారు."

కొండకి మూడువందల మెట్లు. నేను నాలుగుచోట్ల ఆగాను. మూడోచోట అమ్మాయి నా సంచి తీసుకుంది.  అల్లుడు ముందు నడుస్తూ దారిలోని ప్రతి స్తంభం నెంబరూ చదువుతున్నాడు.

ట్యాంకు పైకప్పు మీద మూత తీసి ఉంది. లోపల చీకటి, అడుగున తడి. పెద్ద పైపు మూతి గోడలోంచి పొడుచుకొచ్చి ఖాళీగా ఉంది. అల్లుడు కిందికి ఫోన్ చేసి, "వెయ్యండి" అన్నాడు.

ఏమీ రాలేదు.

"ఏమైంది?" అంది అమ్మాయి.

"ఎక్కాలి కదా. ఖాళీ పైపు," అన్నాడు.

ఎదురు చూశాం. కింద మోటారు తిరుగుతోందని తెలుసు, చప్పుడు లేదు. ఆరు నిమిషాలకి పైపు మూతి లోంచి గాలి మొదలైంది. ముందు సన్నగా, ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు. తర్వాత గట్టిగా, అమ్మాయి జుట్టు ఎగిరేంత. కొండ లోపలి నుంచి ఒక గుడగుడ బయల్దేరి మా కాళ్ళ కింది సిమెంటులోకి వచ్చింది. పైపు వణికింది. ఒక తుంపర. తుప్పు రంగు నీళ్ళు రెండు పిడికిళ్ళంత. ఆగింది.

ఆ తర్వాత వచ్చింది. నా నడుమంత లావు నీళ్ళు, తెల్లగా, పైపు మూతి నిండుగా, అవతలి గోడని తాకేంత దూరం దూకుతూ. ఆ హోరుకి లోపలి చీకటి అంతా కదిలింది. మొహాల మీద చల్లగా తడి పడింది. ఎవరమూ వెనక్కి జరగలేదు. అక్కడ కింద, మూడువందల మెట్ల అడుగున, ఒక గదిలో ఒక తాళంచెవి ఒక పెట్టెలో ఇరుక్కుని ఉంది. ఇక్కడ ఇదంతా.

అమ్మాయి వంగి చెయ్యి చాపింది. అందలేదు. నా భుజం పట్టుకుని ఇంకాస్త వంగింది. మునివేళ్ళకి తగిలింది.

"రోజూ ఇలాగే వస్తుందా అమ్మా?" అంది, చూపు తిప్పకుండా.

"తెలీదు తల్లీ. మోటారు నడుస్తున్నంతసేపూ నేను దాని పక్కనే ఉండాలి కదా. పంతొమ్మిదేళ్ళు పైకి పంపించడమే గాని, వచ్చాక చూడ్డం నాకూ ఇదే మొదలు."